యుద్ధకాలంలో స్త్రీలు: సైన్యంలో, కర్మాగారాల్లో – తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధాల్లో స్త్రీల పాత్ర అనగానే ఝాన్సీ లక్ష్మీబాయి పేరు, ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. ఒకరు కత్తి పట్టారు, మరొకరు దీపం పట్టారు. బాగానే ఉంది. కానీ ఫిరంగి గుండ్లలో మందు కూరినవాళ్లు, బొగ్గు తవ్వినవాళ్లు, రాత్రంతా ఉత్తరాలు వేరుచేసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఈ సమాధానాలు ఎక్కువగా వాళ్ల గురించే. వాళ్ల చేత పని చేయించుకున్న ప్రభుత్వాలు వాళ్లను ఏ లెక్కలో రాసుకున్నాయి, ఎంత జీతం ఇచ్చాయి, పని అయ్యాక ఏం చేశాయి అన్న సంగతులకు ధైర్యసాహసాల కంటే ఎక్కువ చోటు ఇచ్చాను.

యుద్ధం వచ్చాకే స్త్రీలు ఉద్యోగాల్లోకి వచ్చారా?

కాదు. ఇది మధ్యతరగతి ఇళ్లను మాత్రమే చూసి పుట్టిన అపోహ. 1914కు ముందే బ్రిటన్‌లో లక్షలాది స్త్రీలు బట్టల మిల్లుల్లో, లాండ్రీల్లో, అన్నిటికంటే ఎక్కువగా సంపన్నుల ఇళ్లలో పనిమనుషులుగా బతుకుతున్నారు. యుద్ధం వాళ్లలో చాలామందిని ఒక చాకిరీ నుంచి మరో చాకిరీకి మళ్లించింది. జీతం కాస్త పెరిగింది, యజమానురాలి గంట మోతకు పరుగెత్తే బాధ తప్పింది. అందుకే ప్రమాదం ఉన్నా ఫ్యాక్టరీకే వెళ్లారు.

అమెరికాలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా పొలాల్లో, పరాయి ఇళ్లలో పనిచేస్తూనే ఉన్నారు. రక్షణ పరిశ్రమల్లో జాతివివక్ష కూడదని 1941లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చాక గానీ వాళ్లకు ఆ ఫ్యాక్టరీల తలుపులు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక కూడా చాలాచోట్ల వాళ్లకు దక్కింది ఊడ్చే పనో, మోసే పనో.

మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు ఫ్యాక్టరీల పని ఎలా ఉండేది?

లోపలికి వెళ్లే ముందు ఒళ్లంతా తనిఖీ చేసేవారు. తలపిన్ను ఉండకూడదు, లోహపు గుండీ ఉండకూడదు, అగ్గిపుల్ల దొరికితే శిక్ష తప్పదు. చిన్న నిప్పురవ్వ చాలు కాబట్టి బూట్లకు మేకులు కూడా ఉండకూడదు. గుండ్లలో నింపే టీఎన్‌టీ పొడి ఒంటికి పట్టి చర్మం పసుపు రంగుకు తిరిగేది, ముందు జుట్టు రాగి రంగులోకి మారేది. జనం వాళ్లను పచ్చటి పిట్టతో పోల్చి 'కానరీ పిల్లలు' అని ముద్దుగా పిలిచారు. ఆ పసుపు కాలేయం దెబ్బతినడానికి కూడా గుర్తే. కామెర్లు ముదిరి చనిపోయినవాళ్లు ఉన్నారు. ముద్దుపేరు పెట్టినవాళ్లు ఆ సంగతి ఎక్కువగా మాట్లాడలేదు.

లీడ్స్ నగరం దగ్గరి బార్న్‌బో ఫ్యాక్టరీలో 1916 డిసెంబరు 5న రాత్రి షిఫ్టు మొదలైన కాసేపటికే 42వ నంబరు గదిలో పేలుడు జరిగింది. 35 మంది స్త్రీలు చనిపోయారు. మెడలో వేసుకున్న గుర్తింపు బిళ్లలను చూసి గానీ చాలామంది ఎవరో తెలియలేదు. కొద్ది గంటల్లోనే అదే గదిలో పనిచేయడానికి వేరే అమ్మాయిలు ముందుకు వచ్చారు. సెన్సారు కారణంగా ఆ ప్రమాదం వివరాలు యుద్ధం ముగిసేదాకా బయటికి రాలేదు. రణరంగంలో చనిపోయిన సైనికుడి పేరు పత్రికలో వచ్చేది. వీళ్లు ఎక్కడ, ఎలా చనిపోయారో మాత్రం ఊరివాళ్లకు కూడా చెప్పకూడదు.

వైద్యంలో నర్సులుగా మాత్రమే ఉన్నారా?

డాక్టర్లుగానూ ఉన్నారు, అయితే సొంత సైన్యం వాళ్లను రానివ్వలేదు. ఎడిన్‌బరోకు చెందిన సర్జన్ ఎల్సీ ఇంగ్లిస్ 1914లో స్త్రీలే నడిపే ఆసుపత్రులు ఏర్పాటు చేస్తామని బ్రిటన్ యుద్ధ కార్యాలయాన్ని అడిగితే, ఇంటికి వెళ్లి కదలకుండా కూర్చోమని జవాబు వచ్చింది. ఆమె ఇంట్లో కూర్చోలేదు. ఫ్రాన్స్, సెర్బియా ప్రభుత్వాలు సరే అన్నాయి. స్కాటిష్ స్త్రీల ఆసుపత్రులు ఆ దేశాల సైనికులకే చికిత్స చేశాయి.

అప్పటికే రెండు నోబెల్ బహుమతులు అందుకున్న మేరీ క్యూరీ కార్లలో ఎక్స్‌రే యంత్రాలు అమర్చి యుద్ధరంగం దగ్గరికి పంపించారు. వాటిని నడపడానికి దాదాపు 150 మంది స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. పదిహేడేళ్ల కూతురు ఐరీన్ కూడా ఆ పనిలో దిగింది.

ఆ యుద్ధంలో ఆయుధం పట్టి పోరాడినవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. సెర్బియాకు చెందిన మిలుంకా సావిచ్ బాల్కన్ యుద్ధంలో సోదరుడికి బదులు తాను జుట్టు కత్తిరించుకుని మగ వేషంలో చేరింది. గాయపడి ఆసుపత్రికి వెళ్తే అసలు సంగతి బయటపడింది. అయినా సైన్యం వదులుకోలేదు, మొదటి ప్రపంచ యుద్ధమంతా పోరాడింది, ఫ్రాన్స్, రష్యా, బ్రిటన్ పతకాలు అందుకుంది. ఆ తరువాత బెల్‌గ్రేడ్‌లో ఒక బ్యాంకులో నేల తుడిచే పని చేసుకుని బతికింది. పతకాలు ఇచ్చినవాళ్లలో ఎవరికీ ఆమెకు ఇంతకంటే మంచి ఉద్యోగం ఇవ్వాలని తోచలేదు.

రష్యాలో 1917లో మరియా బోచ్కరేవా నాయకత్వంలో స్త్రీల పటాలమే ఏర్పడింది. మగ సైనికులకు సిగ్గు తెప్పించి మళ్లీ పోరుకు పంపడమే దాని అసలు ఉద్దేశం.

చట్టం చేసి మరీ స్త్రీలను యుద్ధసేవకు పిలిచారా?

1941 డిసెంబరులో బ్రిటన్ ఆ పని చేసింది. మొదట ఇరవై నుంచి ముప్పై ఏళ్ల లోపు పెళ్లికాని స్త్రీలను, పిల్లలు లేని వితంతువులను పిలిచారు. సైనిక సహాయక దళాలు, పౌర రక్షణ, పరిశ్రమలు – వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆ చట్టంలో ఒక షరతు ఉంది: రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఏ స్త్రీ చేతా ప్రాణాంతకమైన ఆయుధం ప్రయోగింపజేయకూడదు.

ఈ షరతు ఎంత విడ్డూరానికి దారితీసిందో విమానాలను కూల్చే శతఘ్నుల దగ్గర చూడవచ్చు. ఆ దళాల్లో స్త్రీ పురుషులు కలిసి పనిచేసేవారు. శత్రు విమానం ఎంత ఎత్తులో ఉందో కొలిచేది స్త్రీ, గుండు ఎక్కడికి చేరేసరికి విమానం అక్కడ ఉంటుందో లెక్క తేల్చే యంత్రాన్ని నడిపేది స్త్రీ. శతఘ్ని పేల్చేది మాత్రం పురుషుడే. బాంబులు ఇద్దరి నెత్తినా ఒకేలా పడేవి. జీతం దగ్గరికి వచ్చేసరికి ఆమెకు అతని జీతంలో మూడింట రెండు వంతులు. ప్రధానమంత్రి చర్చిల్ కూతురు మేరీ కూడా ఇలాంటి దళంలోనే పనిచేసింది.

సోవియట్ యూనియన్‌లో నిజంగానే స్త్రీలు యుద్ధ విమానాలు నడిపారా?

నడిపారు. సోవియట్ సైన్యంలో దాదాపు 8,00,000 మంది స్త్రీలు పనిచేశారని అంచనా. వాళ్లలో ట్యాంకులు తోలినవాళ్లు, తుపాకీతో పొంచి గురిపెట్టినవాళ్లు కూడా ఉన్నారు. సుదూర ప్రయాణాల్లో రికార్డులు నెలకొల్పిన మరీనా రస్కోవా చొరవతో 1941 అక్టోబరులో మూడు విమాన రెజిమెంట్లు ఏర్పడ్డాయి. వాటిలో 588వది రాత్రిపూట బాంబులు వేసే దళం. పైలట్లు, నావిగేటర్లు, మెకానిక్‌లు అందరూ స్త్రీలే.

వాళ్లకు ఇచ్చిన పో-2 విమానం శిక్షణ కోసం తయారైనది: చెక్క చట్రం, దాని మీద గుడ్డ, పైకప్పు లేని సీట్లు. చలికాలం రాత్రి గాలికి ముఖం కొయ్యబారిపోయేది. లక్ష్యం దగ్గరికి రాగానే ఇంజన్ శబ్దం తగ్గించి, జారుతున్నట్టు కిందికి వచ్చి బాంబులు వదిలేవారు. కింద ఉన్న జర్మన్లకు తీగల మీద గాలి కోసుకుపోయే చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు. అందుకే 'రాత్రి మంత్రగత్తెలు' అని పేరు పెట్టారు. బరువు తగ్గించుకోవడానికి చాలాకాలం పారాచూట్లు కూడా తీసుకెళ్లలేదు. ఒక్కొక్కరు ఒకే రాత్రి పలుమార్లు వెళ్లివచ్చేవారు. యుద్ధం ముగిసేసరికి ఆ దళం 23,000కు పైగా దాడులు చేసింది.

గురి తప్పని ల్యుద్మిలా పావ్లిచెంకో ఖాతాలో 309 మంది శత్రు సైనికులు ఉన్నారు. 1942లో ఆమె అమెరికా వెళ్తే అక్కడి విలేకరులు యుద్ధం సంగతి పక్కనబెట్టి, ముఖానికి పౌడరు రాసుకుంటారా, యూనిఫాం స్కర్టు అంత పొడవెందుకు అని అడిగారు.

'రోజీ ది రివెటర్' పోస్టరు చూసే అమెరికా స్త్రీలు ఫ్యాక్టరీలకు వచ్చారా?

ఎర్ర రుమాలు కట్టుకుని కండ చూపించే అమ్మాయి బొమ్మను యుద్ధకాలంలో చూసినవాళ్లు బహు తక్కువ. 1943లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ తన ఫ్యాక్టరీల్లో కొద్దిరోజుల పాటు అంటించి తీసేసిన పోస్టరు అది. ఉన్నవాళ్లు మానకుండా పనికి రావాలన్నదే దాని ఉద్దేశం. అది ప్రపంచానికి తెలిసింది 1980ల తరువాతే. స్త్రీలను ఫ్యాక్టరీకి రప్పించినవి జీతం, భర్తో అన్నో యుద్ధంలో ఉన్నారన్న ఆత్రం, ఇంటి ఖర్చు. దేశభక్తి లేదని కాదు. కానీ దేశభక్తి ఒక్కటే అనడం ప్రచార శాఖకు నచ్చే మాట.

పిల్లలను ఎవరు చూసుకునేవారు?

చాలా ఇళ్లలో అమ్మమ్మలు, పక్కింటివాళ్లు, లేదంటే పెద్దపిల్లలు. అమెరికా ప్రభుత్వం లాన్‌హామ్ చట్టం కింద డబ్బిచ్చి శిశు సంరక్షణ కేంద్రాలు తెరిపించింది కానీ అవసరానికి అవి ఏ మూలకూ రాలేదు. పోర్ట్‌లాండ్‌లోని కైజర్ నౌకా నిర్మాణ కేంద్రాల దగ్గర 1943లో పెట్టినవి మాత్రం చెప్పుకోదగ్గవి. ఫ్యాక్టరీ గేటు పక్కనే కట్టారు. రాత్రి షిఫ్టులో కూడా తెరిచి ఉంచేవారు. శిక్షణ పొందిన ఉపాధ్యాయినులు, ఒక నర్సు ఉండేవారు. షిఫ్టు దిగిన తల్లి పిల్లవాడితో పాటు వండి సిద్ధం చేసిన రాత్రి భోజనాన్నీ కొని ఇంటికి తీసుకెళ్లవచ్చు. తల్లికి ఏం కావాలో ఎవరో నిజంగా ఆలోచించారనడానికి ఆ భోజనమే సాక్ష్యం. యుద్ధం ముగియగానే మూసేశారు.

సమాన పనికి సమాన జీతం ఇచ్చారా?

కాగితం మీద కొన్నిచోట్ల ఇచ్చారు. బ్రిటన్‌లో 1940లో ఇంజనీరింగ్ కార్మిక సంఘాలకు, యజమానులకు ఒక ఒప్పందం కుదిరింది. పురుషుడి పనిలో చేరిన స్త్రీకి 32 వారాల తరువాత పూర్తి జీతం ఇవ్వాలి. అయితే అదనపు పర్యవేక్షణ గానీ సాయం గానీ లేకుండా ఆ పని చేయగలగాలి. యజమానులకు ఆ ఒక్క మెలిక చాలు. యంత్రం సరిచేయడానికి ఒక పురుషుడు వచ్చి వెళ్తే చాలు, సాయం తీసుకుంటోంది కాబట్టి పూర్తి జీతం లేదనేవారు. లేదా ఆ పనినే 'ఆడవాళ్ల పని' అని కొత్తగా వర్గీకరించేవారు. 1943లో గ్లాస్గో దగ్గరి హిల్లింగ్టన్‌లో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ కార్మికులు దీని మీదే సమ్మెకు దిగారు. అంతకు ముందు, 1918 ఆగస్టులోనే, పురుషులకు ఇచ్చిన యుద్ధ బోనసు తమకూ కావాలని లండన్ బస్సు కండక్టరమ్మలు సమ్మె చేసి సాధించుకున్నారు.

అన్నిటికంటే నన్ను విస్తుపోయేలా చేసింది నష్టపరిహారం సంగతి. వైమానిక దాడిలో గాయపడిన పౌరులకు ఇచ్చే పరిహారంలో కూడా స్త్రీకి తక్కువ, పురుషుడికి ఎక్కువ. ఒకే బాంబుకు ఇద్దరి కాళ్లూ పోతే ఆమె కాలు చౌక అన్నమాట. పార్లమెంటులో మహిళా సభ్యులు పార్టీలకు అతీతంగా పోరాడాక 1943లో సమానం చేశారు.

విమానాలను ఫ్యాక్టరీల నుంచి స్థావరాలకు చేరవేసే బ్రిటన్ సంస్థలో మహిళా పైలట్లకు 1943 నుంచి పురుషులతో సమానంగా జీతం ఇచ్చారు. ఆ రోజుల్లో అది అరుదు.

తెర వెనక పనుల్లో ఎవరెవరు ఉన్నారు?

శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించిన బ్లెచ్‌లీ పార్క్‌లో సిబ్బందిలో దాదాపు నాలుగింట మూడు వంతులు స్త్రీలే. 1970ల దాకా ఆ పని గురించి కన్నవాళ్లకు, కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పలేదు.

టిప్పు సుల్తాన్ వంశానికి చెందిన నూర్ ఇనాయత్ ఖాన్ 1943 జూన్‌లో రహస్య వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఫ్రాన్స్‌లో దిగింది. కొద్దిరోజుల్లోనే ఆమె బృందంలో చాలామందిని జర్మన్లు పట్టుకున్నారు. తిరిగి రమ్మన్నా ఆమె పారిస్ వదలకుండా సందేశాలు పంపింది. అక్టోబరులో పట్టుబడింది, 1944 సెప్టెంబరులో జర్మనీలోని డాకౌ నిర్బంధ శిబిరంలో చంపేశారు.

ఇక ఉత్తరాలు. ఇంటి నుంచి జాబు రాకపోతే సైనికుడు డీలాపడతాడు. 1945 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ చేరిన అమెరికా సైన్యపు 6888వ తపాలా బెటాలియన్‌లో నల్లజాతి స్త్రీలే ఎక్కువ, అధిపతి ఛారిటీ ఆడమ్స్. గోదాముల్లో కప్పుదాకా పేరుకుపోయిన సంచులు, వెచ్చదనం లేని గదులు, వైమానిక దాడుల భయంతో రంగు పూసిన కిటికీలు. రాబర్ట్ స్మిత్ అనే పేరుతోనే వేలమంది సైనికులు. సైనిక నంబరుతో ఒక్కొక్కరికి ఒక్కో కార్డు రాసుకుని, ఆరు నెలలు పడుతుందన్న పనిని మూడు నెలల్లో ముగించారు.

భారతదేశంలో ఏం జరిగింది?

1942లో బ్రిటిష్ ప్రభుత్వం మహిళా సహాయక దళాన్ని ఏర్పాటు చేసింది. ఎదుటి పక్షాన, సింగపూర్‌లో 1943లో సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో రాణీ ఝాన్సీ రెజిమెంట్‌ను నెలకొల్పి డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్‌కు నాయకత్వం అప్పగించారు. అందులో చాలామంది మలయా రబ్బరు తోటల కూలీ కుటుంబాల అమ్మాయిలు. చూడని దేశం కోసం తుపాకీ పట్టడం నేర్చుకున్నారు.

ఈ రెండింటికంటే తక్కువగా తెలిసినది బొగ్గు గనుల కథ. స్త్రీలు భూగర్భంలో పనిచేయకూడదని యుద్ధానికి ముందే నిషేధం వచ్చింది. 1943లో బొగ్గు కొరత ముంచుకురాగానే, అది స్త్రీల క్షేమం కోసం పెట్టిన నిషేధమన్న సంగతి పక్కకు పోయింది. సడలింపు ఇచ్చి వేలమంది స్త్రీలను మళ్లీ గనుల్లోకి దించారు. అప్పుడు వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూస్తున్న డాక్టర్ అంబేడ్కర్ దీని మీద కేంద్ర శాసనసభలో సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. 1946లో నిషేధం మళ్లీ అమలులోకి వచ్చింది.

జర్మనీ, జపాన్‌లలో పరిస్థితి ఏమిటి?

నాజీలు స్త్రీ స్థానం ఇల్లే అని ఊదరగొట్టి, అవసరం పడ్డాక లక్షల మందిని సైన్యానికి సహాయకులుగా తీసుకున్నారు. అసలు బరువు మాత్రం పోలండ్, సోవియట్ భూభాగాల నుంచి బలవంతంగా తెచ్చిన కూలీల మీద పడింది. వాళ్లలో ఎంతోమంది స్త్రీలే.

జపాన్‌లో బడిపిల్లలు కాగితపు పొరలను అతికించి, అమెరికా మీదికి వదిలే బాంబు బెలూన్లు తయారుచేశారు. ఓకినావాలో 1945లో 'హిమెయూరి' దళంగా పేరుపడిన విద్యార్థినులు, ఉపాధ్యాయులు కలిపి 240 మందిని గుహల్లోని సైనిక ఆసుపత్రులకు పంపారు. ఓటమి ఖాయమయ్యాక మీ దారి మీరు చూసుకోండి అని బయటకు పంపేశారు. సగానికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆ తరువాతి రోజుల్లోనే.

జపాన్ సైన్యం కొరియా, చైనా, ఫిలిప్పీన్స్ తదితర ప్రాంతాల స్త్రీలను లైంగిక బానిసలుగా చేసి 'సాంత్వన స్త్రీలు' అని పేరు పెట్టింది. దీన్ని యుద్ధసేవ అనకూడదు, నేరం అనాలి. 1991లో కొరియాకు చెందిన కిమ్ హక్-సున్ తన పేరుతో బహిరంగంగా చెప్పేదాకా ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు.

యుద్ధసేవ చేసినందుకే స్త్రీలకు ఓటు హక్కు వచ్చిందా?

అంత సూటి సంబంధం లేదు. బ్రిటన్‌లో 1918లో ఓటు వచ్చింది ముప్పై ఏళ్లు దాటి, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు. మందుగుండు ఫ్యాక్టరీల్లో ఒళ్లు పసుపైన అమ్మాయిల్లో చాలామంది అంతకంటే చిన్నవాళ్లు. వాళ్లు 1928 దాకా ఆగారు. ఫ్రాన్స్ స్త్రీలు కూడా ఆ యుద్ధంలో అంతే కష్టపడ్డారు, వాళ్లకు ఓటు వచ్చింది 1944లో.

యుద్ధం ముగిశాక వాళ్లంతా ఏమయ్యారు?

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. బ్రిటన్ 1919లో చట్టం చేసి మరీ యుద్ధానికి ముందున్న పని పద్ధతులను పునరుద్ధరించింది. నిన్నటిదాకా లేత్ యంత్రం తిప్పిన చేతులకు మళ్లీ ఇంటిపని చూపించారు. కాదన్నవారికి నిరుద్యోగ భృతి ఇవ్వడానికి అధికారులు నసిగారు. రెండో యుద్ధం తరువాత నౌకా, విమాన పరిశ్రమల్లో ముందుగా తీసేసింది స్త్రీలనే. ఉద్యోగంలో కొనసాగాలని ఉందని చాలామంది చెప్పారు, అడిగినవాళ్లు రాసుకున్నారు, అంతే.

సైన్యంలో అయితే కాగితాలే గొడ్డలిపెట్టు. అమెరికాలో 1,074 మంది మహిళా పైలట్లు శిక్షణ పూర్తిచేసుకుని యుద్ధ విమానాలను పరీక్షించి, చేరవేసి, సైనికుల గురి సాధన కోసం గుడ్డ లక్ష్యాలను విమానం వెనక కట్టి లాగి 1944 డిసెంబరు దాకా పనిచేశారు. 38 మంది చనిపోయారు. లెక్కల్లో వాళ్లు పౌర ఉద్యోగులు. కాబట్టి శవపేటిక ఇంటికి పంపడానికి కూడా తోటి పైలట్లు చందాలు వేసుకోవలసి వచ్చింది. సైనిక గుర్తింపు 1977లో ఒక చట్టం ద్వారా దక్కింది. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్‌లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలు నడిపిన అమెరికా సిగ్నల్ దళం ఆపరేటర్లకూ అదే చట్టం దారి చూపింది. యూనిఫాం వేసుకుని, ప్రమాణం చేసి వెళ్లిన వాళ్లు తాము సైనికులమే అనుకున్నారు. తిరిగివచ్చాక కాదన్నారు. ఆరు దశాబ్దాల తరువాత అవునన్నారు. అప్పటికి బతికున్నవాళ్లు ఎందరు?

ఇప్పుడు పరిస్థితి మారిందా?

చాలావరకు. భారత సైన్యంలో నర్సింగ్, వైద్య విభాగాలు దాటి ఇతర శాఖల్లోకి స్త్రీలను అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలైంది. 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ హెలికాప్టర్లు నడిపారు. 2016లో ముగ్గురు స్త్రీలు యుద్ధ విమాన పైలట్లయ్యారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్త్రీ అధికారులకు శాశ్వత కమిషన్, అంటే పదవీ విరమణ వయసు దాకా కొనసాగే ఉద్యోగం, ఇవ్వాలని, కమాండ్ పదవులకు అనర్హులనడం తగదని తీర్పు చెప్పింది. శాశ్వత కమిషన్ లేకపోతే పద్నాలుగేళ్లు పనిచేసినా పింఛను లేకుండా బయటికి రావలసిందే. అందుకే ఆ కేసును హోదా గొడవగా చూడకూడదు, అది బతుకుదెరువు గొడవ. పదాతి దళం, ట్యాంకు దళాలు ఇంకా స్త్రీలకు తెరుచుకోలేదు. ఇజ్రాయెల్‌లో దశాబ్దాలుగా, నార్వేలో 2016 నుంచి నిర్బంధ సైనిక సేవ స్త్రీలకూ వర్తిస్తోంది.

ఉక్రెయిన్ 2018లో సైన్యంలోని పోరాట ఉద్యోగాలను చట్టపరంగా స్త్రీలకు తెరిచింది. 2022లో రష్యా దండెత్తాక, గనుల్లో పనిచేసే పురుషులు యుద్ధానికి వెళ్లిపోవడంతో, స్త్రీలు భూగర్భంలో పనిచేయకూడదన్న నిబంధనను కూడా పక్కనపెట్టారు. ఇప్పుడు అక్కడి బొగ్గు గనుల్లో స్త్రీలు లోపలికి దిగి పంపులు, కన్వేయర్లు, విద్యుత్ రైళ్లు చూసుకుంటున్నారు. ఆ సడలింపు సైనిక చట్టం అమలులో ఉన్నంతకాలానికి ఇచ్చినది.